భువనగిరి బండ మీద ఒక పగలు

ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లల చేత ఖుర్ఆన్ కంఠస్థం చేయిస్తున్నవాడిని. ఇంత కాలమూ నేను పిల్లలను చూసింది చాలావరకు కూర్చున్న భంగిమలోనే. ముందు రిహల్, దాని మీద ముస్‌హఫ్, ముందుకూ వెనక్కూ ఊగే చిన్న చిన్న తలలు. పిల్లవాడి కాళ్లకూ చేతులకూ కూడా నేర్వవలసిన పాఠాలు ఉంటాయన్న ఆలోచన నాకు యాభై ఆరవ ఏట కలిగింది. దానిని కలిగించినది భువనగిరి బండ.

గత డిసెంబరులో మదర్సాలో అర్ధవార్షిక పరీక్షలు ముగిసి వారం రోజులు సెలవులు వచ్చాయి. మా అబ్బాయి ఒక రాత్రి భోజనాల దగ్గర, "అబ్బా, పిల్లలను ఒక రోజు భువనగిరి తీసుకుపోదాం. అక్కడ తాళ్లు కట్టి, శిక్షకులు దగ్గరుండి పిల్లల చేత బండలు ఎక్కిస్తారు" అన్నాడు. నేను వెంటనే ఒప్పుకోలేదు. దానికి కారణం మా మనవడు.

వాడికి పన్నెండేళ్లు. నా దగ్గరే హిఫ్జ్ చేస్తున్నాడు. పందొమ్మిదవ పారాలో, సూరా షుఅరా వద్ద మూడు నెలలుగా ఆగిపోయాడు. హాఫిజులకు ఆ సూరా సంగతి తెలుసు. నూహ్, హూద్, సాలిహ్, లూత్, షుఐబ్ (అలైహిముస్సలాం) వృత్తాంతాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ప్రతి వృత్తాంతమూ ఇంచుమించు ఒకే మాటలతో మొదలై ఒకే మాటలతో ముగుస్తుంది. ఏమాత్రం ఏమరినా పిల్లవాడు ఒక ప్రవక్త వృత్తాంతంలో మొదలుపెట్టి మరొక ప్రవక్త వృత్తాంతంలోకి జారిపోతాడు. మావాడు ఆద్ జాతి వృత్తాంతం దాటి సమూద్ జాతి వృత్తాంతం దగ్గరకు రాగానే తడబడి ఆగిపోయేవాడు. అది సోమరితనమని నేను తీర్మానించుకున్నాను. గొంతు పెంచాను. చివరకు నన్ను చూడగానే వాడి గొంతు పూడుకుపోయే స్థితి వచ్చింది. ఒకప్పుడు 'దాదా' అంటూ మెడకు చుట్టుకునే పిల్లవాడు ఇంట్లో కూడా నన్ను 'ఉస్తాద్' అనడం మొదలుపెట్టాడు. అది మర్యాద అనుకొని నేను లోలోపల సంతోషించాను కూడా.

సెలవుల్లోనైనా ఆ సూరాను గట్టిపరచాలన్నది నా పట్టుదల. "ఏడు రోజుల్లో ఒక్క పగలు వాడిని వదలండి" అంది నా భార్య. ఆమె అలా అడిగిన సందర్భాలు అరుదు. సరేనన్నాను.

కోడలి సందేహం వేరు. మా మనవరాలికి తొమ్మిదేళ్లు. ఆడపిల్ల బండలెక్కితే నలుగురూ ఏమంటారోనని ఆమె మెల్లగా అంది. దానికి నా భార్యే బదులిచ్చింది: "సౌర్ గుహలో దాగిన దైవప్రవక్త (స)కు, తన తండ్రికి అన్నం మూట కట్టి పంపిన హజ్రత్ అస్మా (రజి) కథను పిల్లలకు ఏటా చెప్పేది మీ మామగారే కదా! నడుముకు కట్టుకున్న వస్త్రాన్ని చించి మూతి కట్టిన ఆ తల్లిని మెచ్చుకుంటాం. మన పిల్ల నాలుగు అడుగులు పైకెక్కితే తప్పా?" నేను మాట్లాడలేదు.

బండ ముందు

సికింద్రాబాదులో ఉదయపు బండి ఎక్కాము. భువనగిరి హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, కాజీపేటకు పోయే రైలు మార్గంలో ఉంది. 2016 నుండి ఇది యాదాద్రి భువనగిరి జిల్లాకు కేంద్రం. స్టేషను ఇంకా రాకముందే కిటికీలో నుండి పిల్లలు దానిని చూసి కేకలు వేశారు. ఊరి ఇళ్ల మీదుగా ఒకే ఒక్క రాయి, చీలిక లేకుండా, దాదాపు 500 అడుగుల ఎత్తున లేచి ఉంది. మనవరాలు అది పడుకున్న ఏనుగు అంది. మనవడు తాబేలు అన్నాడు. ఊళ్లోకి నడుస్తూ చూస్తే ఇద్దరి మాటా నిజమే అనిపించింది.

బండ మీది కోటను పశ్చిమ చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడు కట్టించాడని చరిత్ర చెబుతోంది. ఆయన 1076 నుండి 1126 వరకు ఏలినవాడు. ఆయన బిరుదు మీదుగా త్రిభువనగిరి అన్న పేరు వచ్చి, అదే భువనగిరి అయింది. తరువాత కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు దీనిని ఏలారు. కొండ కొసన రాజభవనపు శిథిలాలు, వాన నీరు నిలిచే గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. వంశాలు ఎన్ని మారినా రాయి మాత్రం మారలేదు. ఈ దక్కన్ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. భూమి లోతుల్లో కరిగిన ద్రవం గడ్డకట్టి రాయి అయింది. పైనున్న మన్ను కోట్ల ఏళ్ల వానలకు కొట్టుకుపోయి అది వెలుగు చూసింది. ఎండకు వేడెక్కి, రాత్రికి చల్లబడి, ఉల్లిపొరలాగా పొర తరువాత పొర ఊడుతూ ఈ నున్నని గుండ్రదనం ఏర్పడింది. పర్వతాలలోని తెలుపు, ఎరుపు, కారునలుపు చారలను గమనించమని దివ్యఖుర్ఆన్ సూరా ఫాతిర్‌లో మనకు సూచిస్తోంది. ఆ మాటలను వేలసార్లు చదివి ఉంటాను. ఒక బండకు చేతి మేర దూరంలో నిలబడి ఆ చారలను చూడటం నాకు అదే మొదలు.

మేము ఎక్కబోయేది కోట ఉన్న ఎత్తంతా కాదు. పాదం దగ్గర వాలుగా ఉన్న ఒక పక్క, ముప్ఫై అయిదు అడుగుల మేర. శిక్షకులు ఇద్దరు. ఒక యువకుడు, ఒక యువతి. ఆ యువతి పిల్లలను కూర్చోబెట్టి మొదట ఒక కథ చెప్పింది. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ మొదట తాడు పట్టడం నేర్చుకున్నది ఈ భువనగిరి బండల మీదనే. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు శిఖరం చేరారు. అప్పటికి పూర్ణ వయస్సు 13 ఏళ్ల 11 నెలలు. మా మనవరాలు తన తల్లి వైపు తిరిగి, "నాకింకా నాలుగేళ్లు ఉంది" అంది.

ముడి, తాడు

పిల్లలకు హెల్మెట్లు పెట్టారు. నడుముకూ తొడలకూ హార్నెస్ అనే గట్టి పట్టీలు బిగించారు. చిన్నపిల్లలకు తుంటి ఇంకా బలపడదు కనుక మనవరాలికి భుజాల మీదుగా కూడా పట్టీ వచ్చేది తొడిగారు. ఆమెకు ఆ యువతే తొడిగింది. తాడు ఒక కొస ఎక్కేవారి హార్నెస్‌కు ముడివేస్తారు. తాడు పైకి పోయి, బండలో దిగగొట్టిన బోల్టులకు తగిలించిన కొక్కేల గుండా మళ్లీ కిందికి వస్తుంది. కింద నిలబడినవారు దానిని తమ నడుముకున్న పరికరం గుండా పోనిచ్చి పట్టుకుంటారు. ఎక్కేవారు పైకి పోయే కొద్దీ సడలిన తాడును వీరు బిగిస్తూ ఉంటారు. కాలు జారితే పిల్లవాడు ఇంచుమించు ఉన్నచోటనే ఆగుతాడు.

నేను ఒక విషయం అడిగాను: "కింద ఉన్నవారు పైకి లాగుతారా?"

"లాగం మౌల్వీ సాబ్. ఎక్కేది వాళ్లే. మేం పడనియ్యం, అంతే" అంది ఆమె.

ముడి ఎనిమిది అంకె ఆకారంలో ఉంటుంది. వేసినవారు ఒకసారి, ఎదుటివారు ఒకసారి, మొత్తం రెండుసార్లు తడిమి చూస్తే గానీ కాలు నేల వదలనివ్వరు. ఒంటెను కట్టివేసి అల్లాహ్ మీద భారం వేయాలా, వదిలివేసి వేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టు, ఆపైన భారం వేయి అని దైవప్రవక్త (స) బోధించిన సంగతి తిర్మిజీ గ్రంథంలో ఉంది. తవక్కుల్ గురించి పాఠం చెప్పిన ప్రతిసారీ దానిని ఉదహరిస్తాను. ఆ రోజు పిల్లలు దానిని తమ వేళ్లతో ముడివేసి నేర్చుకున్నారు.

సహాబాలు ప్రయాణంలో ఎత్తు ఎక్కేటప్పుడు 'అల్లాహు అక్బర్' అని, దిగేటప్పుడు 'సుబ్‌హానల్లాహ్' అని స్మరించేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. మనవరాలికి ఆ మాట చెప్పాను. ఆమె 'అల్లాహు అక్బర్' అంటూ ఉడుములాగా పాకుతూ బండ కొస తాకింది. 'సుబ్‌హానల్లాహ్' అంటూ తాడు మీద ఊగుతూ దిగింది. కోడలు కొంగుతో కళ్లు ఒత్తుకొని నవ్వింది.

ఆగిన చోట

తరువాత మనవడు. తాడు ఆ యువతి చేతిలో ఉంది. మొదటి పది అడుగులు చక్కగానే ఎక్కాడు. పదిహేను అడుగుల దగ్గర ఆగాడు. కుడిచేయి బండను తడుముతోంది, కాలు కదలడం లేదు. నిమిషం గడిచింది. వాడి వీపు వణకడం కింద నుండి కనిపించింది.

"ఎందుకు ఆగావు? పైకి పో! అక్కడే ఉంది కదా పట్టు! భయమెందుకు?" అని నేను అరిచాను. అరిచిన తరువాత ఆ గొంతు నాకే వినిపించింది. నా తరగతి గదిలోని గొంతు అది.

ఆ యువతి తల తిప్పలేదు. చూపు పిల్లవాడి మీదనే ఉంచి, "మౌల్వీ సాబ్, మీరు జర ఆగండి. రెండు గొంతులు వినబడితే బాబుకు ఏది వినాల్నో తెలువది" అంది. తరువాత నెమ్మదిగా, "బాబూ, తాడు నా చేతిల ఉన్నది. నువ్వు పడవు. ఒక్కసారి తాడు మీద కూసో. ఇంకొంచెం చూస్తవా, దిగుతవా? నీ ఇష్టం" అంది.

"దిగుతాను" అన్నాడు.

మెల్లగా దింపి, "మంచిగ ఎక్కినవ్" అని వీపు తట్టింది. వాడు నా వైపు చూడకుండా వెళ్లి నానమ్మ పక్కన కూర్చొని నీళ్లు తాగాడు.

అప్పుడు మా అబ్బాయి, "అబ్బా, మీరూ ఒకసారి ఎక్కుతారా?" అన్నాడు. వేళాకోళమో, సవాలో నాకు తెలియలేదు. కాదనడానికి మనసొప్పలేదు. టోపీ మీద హెల్మెట్, కుర్తా మీద హార్నెస్, కాళ్లకు అబ్బాయి బూట్లు. ఆ యువకుడు తాడు పట్టాడు. 'బిస్మిల్లాహ్' అని మొదలుపెట్టాను.

ఎనిమిది అడుగులు. అంతకు పైన నా మోకాళ్లు నా మాట వినడం మానేశాయి. నోరు ఎండిపోయింది. బండకు చెంప ఆనించి నిలబడిపోయాను. కింద నుండి అబ్బాయి, ఆ యువకుడు ఏదో చెబుతున్నారు. ఒక్క మాటా నా బుర్రకు ఎక్కలేదు. భయపడినవాడికి చెవులు పనిచేయవని నేను ఎన్నడూ ఎరుగను. ఇంతలో ఒక సన్నని గొంతు విడిగా వినిపించింది.

"దాదా! ఎడమ మోకాలికి కొంచెం కింద చిన్న గుంట ఉంది. కాలు అక్కడ పెట్టండి. ఇంకేమీ చూడవద్దు."

ఎన్ని నెలల తరువాత ఆ పిలుపు! కాలు పెట్టాను. నిలిచింది. "ఇప్పుడు కుడిచేయి పైకి, నల్లచార పక్కన." పెట్టాను. అలా ఒక్కొక్కటే అందిస్తూ వాడు నన్ను పదిహేను అడుగుల వరకు ఎక్కించాడు. సరిగ్గా వాడు ఆగిన చోటనే నేనూ ఆగాను.

అక్కడి నుండి చూస్తే గాని తెలియలేదు. కింద నుండి పట్టులుగా కనిపించినవి పట్టులు కావు. వాన నీరు కారిన నల్లని చారలు, వాటి పక్కన ఎండ వేసిన నీడలు. చేతికి అందేంత మేర బండ అంతా ఒకే తీరుగా, నున్నగా ఉంది. 'అక్కడే ఉంది కదా పట్టు' అని నేను అరిచిన చోట పట్టే లేదు!

దింపమన్నాను. నేల తాకి 'సుబ్‌హానల్లాహ్' అన్నప్పుడు ఆ మాట గుండె లోతు నుండి వచ్చింది. మనవడి పక్కన కూర్చున్నాను. ఇద్దరి అరచేతులూ గీసుకుపోయి ఉన్నాయి.

"అక్కడ నీకు ఏమి కనిపించింది?" అని అడిగాను.

"ఏమీ కనిపించలేదు దాదా. అంతా ఒకే మాదిరిగా ఉంది. ఏది పట్టుకోవాలో తెలియలేదు."

కొంతసేపటికి అడిగాను: "షుఅరాలో కూడా అంతేనా?"

వాడు తల ఊపాడు. మూడు నెలల్లో నేను వాడిని అడగని ప్రశ్న అది.

జుహర్ తరువాత

బండ నీడలో చాపలు పరిచాము. వెంట తెచ్చిన నీళ్లతో వుజూ చేసి జుహర్ నమాజు చేశాము. బగారా అన్నం, దాల్చా, ఉడికించిన గుడ్లు, జామకాయలు అందరమూ తిన్నాము. శిక్షకులిద్దరూ మాతోనే తిన్నారు. ఊళ్లో నుండి మేకలు తోలుకొచ్చిన ఒక ముసలమ్మకు కోడలు గిన్నెలో అన్నం పెట్టి ఇచ్చింది.

నమాజులో ఇమామ్ పఠిస్తూ మరచిపోతే వెనుక నిలబడినవారు తరువాతి మాట అందిస్తారు. దానిని లుఖ్మా అంటారు. లుఖ్మా అంటే నోటికందించే ముద్ద. లుఖ్మా ఇచ్చేవారు ఇమామును కోప్పడరు, ఆయన స్థానంలోకి పోరు. తప్పిన ఒక్క మాట అందించి మౌనం వహిస్తారు. తాడు పట్టిన ఆ అమ్మాయి చేసినదీ, నాకు నా మనవడు చేసినదీ అదే. ముప్ఫై ఏళ్లుగా లుఖ్మా మసాయిలు బోధిస్తున్న నేను తరగతిలో పిల్లలకు దానిని ఇచ్చింది ఎన్నిసార్లు? గద్దింపును లుఖ్మా అనుకున్నాను.

"వినిపిస్తావా?" అన్నాను. ఆజ్ఞగా కాక, అడిగాను. వాడు కళ్లు మూసుకొని షుఅరా మొదలుపెట్టాడు. ఆద్ జాతి వృత్తాంతం దాటింది. కొండలను తొలిచి ఇళ్లు కట్టుకున్న సమూద్ జాతి వృత్తాంతం దగ్గర, ఎప్పటిలాగే ఆగాడు. నా నోరు తెరుచుకుంది. మూసుకున్నాను. పది లెక్కించి ఒక్క మాట అందించాను. వాడు అందుకున్నాడు. ముందుకు సాగాడు. సాలిహ్ (అలైహిస్సలాం) వృత్తాంతం పూర్తయి, లూత్ (అలైహిస్సలాం) వృత్తాంతం సగం వరకు వచ్చి, "దాదా, మళ్లీ బండ ఎక్కనా?" అన్నాడు. ఎక్కమన్నాను. ఈసారి ఆగిన చోటుకు మూరెడు పైకి పోయి దిగాడు. కొస తాకలేదు. వాడి ముఖంలో దిగులు కూడా లేదు.

వెళ్లదలచినవారికి

పిల్లలతో ఇలాంటి రోజు గడపదలచిన కుటుంబాలకు మా అనుభవం నుండి కొన్ని మాటలు.

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఉదయమే చేరాలి. పొద్దెక్కితే ఎండలోని గ్రానైటు చేతులు కాలుస్తుంది. వాన పడి తడిసిన బండ జారుతుంది, ఆ రోజు మానుకోవాలి. శిక్షణ పొందినవారు, మంచి తాడు, హెల్మెట్ లేనిదే పిల్లలను తమ ఎత్తుకు మించి ఎక్కనివ్వరాదు. చెప్పులు పనికిరావు. రబ్బరు అడుగున్న బిగుతు బూట్లు కావాలి. ఉంగరాలు, గాజులు తీసివేయాలి. ఆడపిల్లల హిజాబ్‌ను హెల్మెట్ కింద పిన్నులతో బిగించి, కొసలు కుర్తా లోపలికి దోపాలి. వేలాడే బట్ట తాడు పరికరంలో చిక్కుకుంటే ప్రమాదం. చూడకుండా ఏ పగులులోనూ చేయి పెట్టవద్దని పిల్లలకు నేర్పాలి, తేళ్లు ఉండవచ్చు.

బండలకు తేనెపట్టులు ఉంటాయి. పొగ పెట్టరాదు, పొయ్యి వెలిగించరాదు, రాళ్లు విసరరాదు. ఘాటైన వాసనకు తేనెటీగలు రేగుతాయని చెప్పి మా శిక్షకుడు నా మణికట్టుకు రాసుకున్న అత్తరును నీళ్లతో కడిగించాడు. నీళ్లు తలకు రెండు లీటర్లకు తక్కువ కాకుండా తీసుకువెళ్లండి, వుజూకు వేరుగా. తెచ్చిన ప్రతి కాగితమూ, సీసా తిరిగి సంచిలో వేసుకోండి. రాళ్ల మీద పేర్లు చెక్కకండి.

ఇంకొక్క మాట. పిల్లవాడు దిగుతానంటే దిగనివ్వండి. చెల్లెలు ఎక్కింది కదా అనకండి.

సాయంత్రపు బండిలో మనవరాలు తల్లి ఒళ్లో నిద్రపోయింది. మనవడు కిటికీ పక్కన కూర్చొని, చీకట్లో కలిసిపోతున్న బండ కనుమరుగయ్యేదాకా చూసి, తల నా భుజానికి ఆనించాడు. నెల తిరిగేసరికి షుఅరా ముగించాడు. సమూద్ వృత్తాంతం దగ్గర ఇప్పటికీ అప్పుడప్పుడు ఆగుతాడు. అప్పుడు నేను పది లెక్కిస్తాను.